కోసిన ఫారం

ఆ పిల్ల బైండింగు షాపు గుమ్మంలో నిలబడింది. భుజాన బడిసంచీ, చేతిలో పుస్తకం. "ఇందులో ఆఖరు లేదండీ. కొన్నచోట అడిగితే మీ దగ్గరికి పంపారు" అంది.

ఓనరు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. "ఆఖరు లేకపోవడమేంటమ్మా? కథే అంతేమో. ఈమధ్య రాసేవాళ్ళు అలానే గాల్లో వదిలేస్తున్నారుగా."

"గాల్లో కాదండీ, మాట మధ్యలో వదిలేశారు. వినండి." చివరి పేజీ తీసి గట్టిగా చదివింది. "'తొట్టి మూత తీసిందెవరో ఈ ఇంట్లో పెద్దలందరికీ తెలుసు, అంది నాయనమ్మ. తీసింది...' అంతే. ఆ తర్వాత అట్ట."

షాపంతా నవ్వింది. జిగురు డబ్బా ముందు కూర్చున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. బ్రష్షుతో జిగురు కలుపుతూ ఉండిపోయాడు. కలవాల్సింది ఎప్పుడో కలిసిపోయింది.

ఆయన్ని అందరూ జిగురు అనే పిలుస్తారు. గోళ్ళ చుట్టూ ఎండిపోయిన జిగురు ఎంత తోమినా పోదు, ఆ పేరూ అలాగే ఉండిపోయింది. మాట తక్కువ మనిషి. "కాస్త నోటికి కూడా రాసుకున్నాడు" అని కటింగు మిషను అతను రోజూ అంటాడు, అన్న ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు తనే నవ్వుకుంటాడు.

ఓనరు పేజీల నంబర్లు చూసి, "చివరి ఫారం లేదు" అన్నాడు. పదహారు పేజీలు వచ్చేలా మడిచిన అచ్చు కాగితాన్ని ఫారం అంటారు. అలాంటివి వరసగా పేరిస్తే పుస్తకం అవుతుంది. పెద్ద బల్ల మీద గుట్టలుగా ఉన్న ఫారాల్ని ఒక్కొక్కటే ఎత్తి, వరస తప్పకుండా పేర్చి పంపే పని ఆ షాపులో ఒక్క మనిషిదే. ఓనరు ఆమె వైపు తిరిగాడు.

ఆమె జిగురు కోడలు.

"ఏమ్మా, ఇదేనా నీ చూపు? బల్ల నాకివ్వండి, ఒక్క తప్పు రానివ్వనని అడిగి మరీ తీసుకున్నావు!"

"ప్రతి పుస్తకం మెట్లు చూసే పంపానండీ" అందామె. గొంతులో ఇంకా భయం లేదు, ఆశ్చర్యమే ఉంది.

ప్రతి ఫారం వీపు మీదా ఒక నల్ల గుర్తు అచ్చువేసి ఉంటుంది. పై ఫారం గుర్తు కంటే కింది ఫారం గుర్తు కాస్త పక్కకి జరిగి ఉంటుంది. సరిగ్గా పేరిస్తే పుస్తకం వీపు మీద మెట్లు దిగుతున్నట్టు కనిపిస్తాయి. మధ్యలో ఒక ఫారం తప్పితే మెట్టు విరిగి కంటికి కొడుతుంది. చివరిది తప్పితే మాత్రం ఏదీ విరగదు. మెట్లు ఒక మెట్టు ముందే ఆగిపోతాయి, అంతే.

"మెట్లన్నీ చూసినదానివి ఆఖరి మెట్టు చూడలేకపోయావా?" అన్నాడు ఓనరు. పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని, "ఇది ఇక్కడుంచి వెళ్ళమ్మా. ప్రెస్సువాళ్ళనడిగి ఆ పేజీలు తెప్పిస్తా. శనివారం రా" అన్నాడు.

"శనివారం దాకానా?" అంది పిల్ల, అన్నం ముందు కూర్చోబెట్టి లేపేసినట్టు మొహం పెట్టి.

ఆ ఫారం ఎక్కడుందో జిగురుకి తెలుసు. ఇంట్లో, తన ట్రంకుపెట్టెలో, పాత దుప్పటి మడతల్లో ఉంది.

పల్లెటూరి బళ్ళో నేర్చిన చదువు ఆయనకి ఇన్నేళ్ళూ బస్సు బోర్డులకీ మందుసీసాలకీ సరిపోయింది. వేల పుస్తకాలకి అట్టలు కట్టి ఒక్కటీ చదవలేదు, చదవాలని తోచనూ లేదు. కిందటేడు ఎండల్లో, మడతలో నలిగిపోయి పక్కన పారేసిన ఫారం మీద ఒక వాక్యం కంట్లో పడింది. "అద్దంలో అమ్మమ్మ తల దువ్వుతున్న చెయ్యి, అమ్మమ్మది కాదు." బ్రష్షు పట్టుకునే ఆ పేజీ చివరికంటా చదివాడు. చదివేటప్పుడు ఆయన పెదాలు కదులుతాయి. ఎవరైనా చూశారేమోనని నోరు తుడుచుకున్నాడు.

అవి పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లల కోసం వేసే నవలలు. ప్రతి దాంట్లోనూ ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని ఒక మాట, ఆ మాట కోసం తిరిగే ఒక దయ్యం. అప్పట్నుంచి ఆయన చెడిపోయిన ఫారాల్ని చొక్కాలోపల పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాడు. చెడిపోయినవే, ఎలాగూ తూకానికి పోయేవే. తెల్లారగట్ల అందరికంటే ముందు లేచి, ఎర్ర పళ్ళపొడి చేతిలో వేసుకుని, దొడ్డిగోడ పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాడు. మడత అంచులు కోస్తేగానీ ఫారంలో పేజీలు తెరుచుకోవు. చిన్న చాకుతో నీటుగా కోసి, పళ్ళు తోముతూ చదివేవాడు.

"మామయ్యగారికి పళ్ళు తోముకోవడానికి ఇంతసేపా! ఒక్కొక్కటే ఊడదీసి తోమి మళ్ళీ పెట్టుకుంటారేమో" అనేది కోడలు మొగుడితో, మామయ్యకి వినపడేలా. ఆయన మీసంలో నవ్వుకునేవాడు. చెప్పేవాడు కాదు. కటింగు మిషను అతనికి తెలిస్తే ఇక రోజూ అదే పాట. దానికంటే కోడలికి తెలియడం కష్టం. "మా మామయ్య ఊరికే మాట్లాడరు, మాట్లాడితే అందులో ఏదో ఉంటుంది" అని పక్కింటివాళ్ళతో అంటుంది ఆమె. ఆ మనిషి పొద్దున్నే లేచి పిల్లల దయ్యాల కథలు చదువుతున్నాడని ఎలా చెప్పుకోవడం?

ఈ నవలలో ఒక అమ్మాయి సెలవులకి తాతగారింటికి వెళ్తుంది. రోజూ మధ్యాహ్నం మెట్ల మీద చిన్న చిన్న తడి అడుగులు పడతాయి. పైకి ఎక్కినవే ఉంటాయి, దిగినవి ఉండవు. ఇంట్లో పెద్దవాళ్ళు చూస్తారు, కిక్కురుమనరు. కాసేపటికి ఎవరో గుడ్డతో తుడిచేసి ఉంటారు. ఎప్పుడో నీళ్ళతొట్టిలో పడి పోయిన పిల్ల అడుగులు అవి. తొట్టి మూత తీసి వదిలేసింది పనిమనిషని ఆమెని ఇంట్లోంచి గెంటేశారు. నిజంగా తీసిందెవరు? సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి, చివరి ఫారాల్లో చెడిపోయినది ఒక్కటీ లేదు.

ఆయన కొన్నాళ్ళు ఆగి చూశాడు. అన్నం తింటున్నా ఆ మూతే. చివరికి ఒక సాయంత్రం, కోడలు పేర్చి తన బల్ల మీద పెట్టిన దొంతరలో ఒక పుస్తకం అడుగునుంచి ఆఖరి ఫారం లాగాడు. గుర్తుగా ఆ పుస్తకంలో కాగితం ముక్క పెట్టాడు. పొద్దున్నే తెచ్చి దాని చోట దాన్ని పెట్టేస్తే సరి. కోసిన అంచులు ఎలాగూ తర్వాత కటింగులో పోతాయి.

పొద్దున్న చదివాడు. మూత తీసింది తాత. చిన్నప్పుడు, ఆటలో. భయపడి చెప్పలేదు. "ఎంత పిరికివాడివయ్యా!" అని ఆయన పైకే తిట్టాడు. కొడుకు బయటికి రావడం వినపడి ఫారాన్ని బకెట్టు కింద పెట్టి, స్నానం చేసి, షాపుకి వచ్చేశాడు. వచ్చాక చొక్కా తడుముకున్నాడు. ఏదో సాకు చెప్పి ఇంటికి పరిగెత్తి తిరిగొచ్చేసరికి, సరుకు తొందరగా పంపాలని ఓనరే కూర్చుని దొంతర మొత్తానికి జిగురు రాసి, వీపులకి గుడ్డ అంటించేశాడు. కాగితం ముక్క నేల మీద ఉంది. మెట్లన్నీ గుడ్డ కింద ఉన్నాయి.

అప్పుడు నోరు విప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. విప్పలేదు. పిల్లల పుస్తకం ఆఖరిదాకా ఎవరు చదువుతారులే అనుకున్నాడు, ఆఖరి కోసం దొంగతనం చేసినవాడు.

పిల్ల వచ్చి వెళ్ళిన మర్నాడే ఓనరు కోడల్ని బల్ల దగ్గర్నుంచి లేపేశాడు. అట్టపెట్టెలకి టేపు వేసే పనిలో కూర్చోబెట్టాడు. బల్ల ఇంకొకామెకి వెళ్ళింది.

ఇంట్లో కోడలు పొయ్యి కట్టేసి మళ్ళీ వచ్చి చూసుకోవడం మొదలుపెట్టింది. తలుపుకి గడియ వేసి, లాగి చూసి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగేది.

"ఏంటే, తలుపు ఊడొస్తుంది!" అన్నాడు మొగుడు.

"నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయిందండీ. ఆఖరిది ఎలా వదిలేశానో ఎంత ఆలోచించినా అందట్లేదు." అన్నం వడ్డిస్తూ మామయ్య వైపు చూసింది. "మీరు చెప్పండి మామయ్యా. నేను పేర్చిన దొంతర మీ చేతికే కదా వచ్చేది. మీకైనా తేడా కనపడలేదా?"

"లేదమ్మా" అన్నాడు ఆయన.

గ్లాసు ఎత్తి మంచినీళ్ళన్నీ తాగేశాడు. ఆమె గ్లాసు మళ్ళీ నింపింది.

ఆ పూట ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. పోయిన ఫారం దొరికితే గొడవ ఉండదు. పిల్లకి కథ దొరుకుతుంది, ఓనరు చల్లబడతాడు, ఎవరూ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. మర్నాడు అందరికంటే ముందు షాపుకి వెళ్ళి, దాన్ని పెద్ద బల్ల కాలి వెనకాల, గోడవారకి జారవిడిచాడు.

ఊడుస్తున్నప్పుడు కొత్తామె చీపురుకి తగిలింది. ఓనరు దుమ్ము దులిపి చూసి, పెట్టెల దగ్గరున్న కోడలి ముందు విసిరాడు.

"చూశావా? ఎక్కడ దొరికిందనుకున్నావు? నీ బల్ల కిందే! కిందపడేసుకుని పైనుంచి తిరిగావన్నమాట. మెట్లు చూశానని మళ్ళీ నాకు చెప్పడం!"

తన ఉపాయం ఆమె మెడకే చుట్టుకుంటుందని జిగురుకి తట్టనేలేదు. బల్ల ఎవరిదో తెలిసి కూడా తట్టలేదు.

"ఆగాగు, ఇదేంటి, అంచులు కోసున్నాయి?" అన్నాడు ఓనరు వంగి.

కోడలు ఫారం చేతిలోకి తీసుకుంది. అంచు మీద వేలు పెట్టి రాసింది. పేజీ తిప్పింది. మార్జినులో బొటనవేలంత ఎర్ర మరక. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకోబోయి ఆగిపోయింది. తలెత్తి జిగురు బల్ల వైపు చూసింది. ఆయన తల డబ్బాలో పడేట్టుగా వంచుకున్నాడు.

"నేనే కోశానండీ" అంది ఓనరుతో. "పేజీ నంబర్లు సరిచూద్దామని కోసి, మళ్ళీ పెట్టడం మర్చిపోయుంటా."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"గుర్తులేదండీ."

"బాగుంది! ఇక బల్ల మాట నా దగ్గర ఎత్తకు. టేపు వెయ్యడం మర్చిపోవుగా?"

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు, రోజూలాగే. ఆమె అడుగుతుందని ఆయన చూశాడు. దారంతా చూశాడు. "చూసుకోండి మామయ్యా, అక్కడ గుంట ఉంది" అంది, అంతే.

తెల్లారి ఆయన దొడ్లోకి వెళ్ళేసరికి గోడ మీద పళ్ళపొడి డబ్బా ఎప్పటిలాగే ఉంది. బోర్లించిన బకెట్టు లేదు. దాని చోట పీట వేసి ఉంది, శుభ్రంగా తుడిచి. ఆయన దాని మీద కూర్చోలేకపోయాడు. నిలబడే పళ్ళు తోముకుని లోపలికి వచ్చేశాడు.

శనివారం పిల్ల బడి వదలగానే వచ్చింది. ఓనరు ఫారాన్నీ పుస్తకాన్నీ జిగురు బల్ల మీద పెట్టి, "అతికించి ఇచ్చెయ్" అన్నాడు. పిల్ల బల్ల మీద మోచేతులు ఆనించింది. చదివేద్దామని మెడ ఇటు వంచింది, అటు వంచింది.

"తాతగారూ, ఒక్కసారి చూడనివ్వండి. మూత ఎవరు తీశారో చూసి ఇచ్చేస్తా."

"జిగురు తడిగా ఉందమ్మా. ముట్టుకోకూడదు."

"పనిమనిషి మాత్రం కాదు. పాపం ఆవిడ మీద ఊరికే తోసేశారు. నాయనమ్మే అనుకుంటున్నా నేను."

బ్రష్షు ఆగింది. పెట్టెల దగ్గర టేపు లాగుతున్న చప్పుడు కూడా ఆగినట్టు అనిపించింది ఆయనకి.

"నాయనమ్మ కాదు. తాత తీశాడు" అన్నాడు. మొదలుపెట్టాక ఆగడం చేతకాలేదు. "చిన్నప్పుడు తీశాడు. భయపడి చెప్పలేదు. నింద ఆవిడ మీద పడితే చూస్తూ ఊరుకున్నాడు. పెద్దవాడయ్యాక చెప్పడానికి సిగ్గేసింది. ఆ అడుగులు రోజూ తుడిచేది ఆయనే."

"అయ్యో తాతగారూ! మొత్తం చెప్పేశారు!" అంది పిల్ల ఏడుపు గొంతుతో.

ఓనరు కళ్ళజోడు దించాడు. "నీకెలా తెలుసయ్యా?"

"చదివాను. ఆ ఫారం తీసుకెళ్ళింది నేను. కోసింది నేను. బల్ల కింద పడేసిందీ నేనే. అమ్మాయి పేర్చినదాంట్లో తప్పు లేదు."

ముందు కటింగు మిషను అతను మొదలుపెట్టాడు. "పిల్లల దయ్యాల కథలా! మన జిగురు!" ఓనరుకీ నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "అడిగితే పుస్తకమే ఇచ్చేవాణ్ణి కదయ్యా" అన్నాడు. కొత్తామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆయన భయపడ్డ నవ్వు అదే. చినుకుల్లా నాలుగు పడి ఆగిపోయింది. ఇంతేనా, దీనికోసమేనా అనిపించి, ఆయన మొహం ఇంకా కాలింది.

కోడలు నవ్వలేదు.

పిల్ల ఆరిన పుస్తకం తీసుకుని, థాంక్సు చెప్పకుండా వెళ్ళిపోయింది. ఓనరు, "వెళ్ళమ్మా, నీ బల్ల నువ్వు చూసుకో" అన్నాడు. ఆమె లేచి, బల్ల తుడుచుకుని, ఫారాల గుట్టలు తన వరసలో సర్దుకుంది.

అంతకుముందు ఆమె పేర్చిన దొంతర మామయ్య బల్ల మీద పెట్టి వెనుదిరిగి వెళ్ళిపోయేది. ఇప్పుడు అలా వెళ్ళదు. సాయంత్రం షాపు కట్టేసే ముందు ఆయన బల్ల దగ్గరికి ఇంకోసారి వస్తుంది. మిగిలిపోయిన పుస్తకాల్ని ఒక్కొక్కటే ఎత్తి, వీపు మీద మెట్ల వెంట బొటనవేలు జరుపుతుంది. ఆఖరి మెట్టు దగ్గర కాసేపు ఆపుతుంది. మర్యాదలో లోటు లేదు, ఇంట్లో పీటా అక్కడే ఉంది. ఆమె వస్తున్న అలికిడి వినగానే ఆయన బ్రష్షు పక్కన పెట్టేస్తాడు. రెండు చేతులూ బల్ల మీంచి తీసి, ఆమెకి కనపడేలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు.

"సరిపోయాయి మామయ్యా" అంటుంది ఆమె.