కుడివైపు అద్దం

రెండో నంబరు గదిలో షవర్ అద్దానికి యాసిడ్ పట్టించి, నెల్మీ కాంచే ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెడుతోంది. ముప్ఫై దాకా లెక్కపెట్టాక నీళ్ళు కొట్టాలి. ముందే కడిగితే తెల్లమరక వదలదు, ఆలస్యం చేస్తే అద్దం అంచునున్న పట్టీ నల్లబడుతుంది. మూడేళ్ళ కిందట ఈ అద్దాలు కొత్తగా పెట్టినప్పుడు ముప్ఫై అంకెలూ ఒక్క ఊపిరిలో అయిపోయేవి. ఇప్పుడు పన్నెండు దగ్గరే ఊపిరి తెగిపోతోంది. ఈ సోమవారమూ అంతే అయింది. మిగతా పద్దెనిమిదీ దగ్గుతూనే లెక్కపెట్టి, గొట్టం అందుకుని నీళ్ళు కొట్టింది.

అయినా ఆవిడ మొహంలో సంతోషం ఉంది. ఇదే ఆఖరి యాసిడ్ సోమవారం అని ఆవిడ నమ్మకం.

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది. నెరిసిన జుట్టు నూనె రాసి గట్టిగా ముడివేసుకుంటుంది. కుడిచేతి చూపుడువేలికి గోరు సగమే మిగిలింది. వేళ్ళ కొనలైతే వాడిన సబ్బుబిళ్ళలా నున్నగా అరిగిపోయాయి. కిందటేడు ఓటరు కార్డు మార్చుకోవడానికి వెళ్తే, ఆఫీసులో యంత్రం ఆవిడ వేలిముద్రలు పట్టుకోలేకపోయింది. గుమాస్తా ఒక్కో వేలినీ తడిగుడ్డతో తుడిచి పదిసార్లు నొక్కించాడు. "ఏంటమ్మా, నీ వేళ్ళ మీద ఏమీ లేదే!" అన్నాడు. కావలసిన కాగితమేదో ఇంట్లో మరిచిపోయి వచ్చినదానిలా నెల్మీ క్షమాపణ చెప్పుకుంది.

మెరిదా ఊళ్ళో నీళ్ళకు కొదవ లేదు. నీళ్ళతో పాటు సున్నమూ వస్తుంది, దానికి వేరే డబ్బు అడగరు. కుళాయి మూతిలో అది, కాఫీ గిన్నె అడుగున అది, మగవాళ్ళ మూత్రపిండాల్లో అది. స్నానాల గదికి గుడ్డ తెర ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. తెర ఉతికి ఎండలో వేస్తే సరిపోయేది. కానీ దోన్యా ఎల్సీ తన పాత ఇంట్లో ఐదు గదులు యాత్రికులకు అద్దెకిస్తుంది. వాళ్ళలో ఎవరో తెర ముక్కిపోయిన వాసన వస్తోందని కంప్యూటర్లో రాశారు. ఆవిడ అభిమానం దెబ్బతింది. తెరలు పోయి, వాటి చోట నిలువెత్తు గాజు అద్దాలొచ్చాయి. అద్దాల వెంట తెల్లమరకలూ, మరకల వెంట యాసిడ్ డబ్బాలూ వచ్చాయి.

నెల్మీ ఈ ఇంటికి పదిహేనేళ్ళప్పుడు వచ్చింది. ఇప్పుడు యాభై ఎనిమిది. మధ్యలో పెళ్ళయింది. మొగుడు తాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక కొన్నాళ్ళు తాగి, పోయాడు. పిల్లల్లేరు. పక్క ఊరు ఉమాన్‌లో అక్క తెయోతో ఉంటుంది. తెల్లవారగానే వ్యానెక్కి వస్తుంది, చీకటి పడేలోపు వ్యానెక్కి పోతుంది. చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదని ఆవిడే అంటుంది.

ఆరునెలల కిందట ఆరోగ్యకేంద్రంలో డాక్టరు ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "యాసిడ్ మానేస్తావా, ఊపిరి మానేస్తావా? రెండూ కుదరవు తల్లీ," అన్నాడు. ఈ సంగతి నెల్మీ దోన్యా ఎల్సీకి చెప్పలేదు. వంటమనిషి చబేలాకు మోకాళ్ళు పట్టేసినప్పుడు దోన్యా ఎంతో ప్రేమగా "ఇంక విశ్రాంతి తీసుకో" అని పంపించేసింది. ఆ ప్రేమ నెల్మీకి బాగా గుర్తుంది.

అందుకే అద్దాలకు పూత వేస్తామంటూ వాల్తెర్ పూట్ సంచీ తగిలించుకుని గుమ్మంలోకి వచ్చిన రోజున, నెల్మీ తుడుస్తున్న నేలనే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ అక్కడే ఉండిపోయింది.

"ఒక్కసారి రాస్తే మూడేళ్ళు, అమ్మా. నీటిబొట్టు నిలవదు, మరక పట్టదు. యాసిడ్‌తో పనే లేదు," అన్నాడు వాల్తెర్. నలభై ఏళ్ళవాడు, చొక్కా చంకల్లో తడిసిపోయి ఉంది.

"మూడేళ్ళ తర్వాత నిన్నెక్కడ వెతకను? నీ దుకాణం మూడు నెలలుంటుందో లేదో," అంది దోన్యా ఎల్సీ. డెబ్భై దాటినా ఆవిడకు నోరూ తగ్గలేదు, చూపూ తగ్గలేదు.

"పోనీ, మూడో నంబరు గదిలో అద్దానికి సగం రాస్తాను, సగం వదిలేస్తాను. పదిహేను రోజులు ఎవరూ ముట్టుకోకండి. మీ కళ్ళతో మీరే చూడండి. తేడా లేకపోతే నా మొహం చూడకండి."

"ఇప్పుడు మాత్రం చూడాలని ఉందనుకున్నావా? రాయి." అని, నెల్మీ వైపు తిరిగింది. "ఏమే, నువ్వేమంటావు? కొనదగ్గ సరుకేనా, మనల్ని ముంచుతున్నాడా?"

"నాకేం తెలుసమ్మగారూ. మంచిదే అంటున్నాడుగా," అంది నెల్మీ. నలభై మూడేళ్ళలో ఆ ఇంట్లో ఏదైనా కావాలని ఆవిడ అడగడం అంటే అదే. దోన్యాకు అది అడిగినట్టు అనిపించలేదు.

వాల్తెర్ అద్దం నడుమ టేపు అంటించి ఎడమవైపు పూత రాశాడు. "ముట్టుకోవద్దు దోన్యా, చెయ్యి కూడా తగలనివ్వద్దు," అని, నెల్మీని కూడా గౌరవంగా దోన్యా అనే పిలిచి, మళ్ళీ చెప్పి వెళ్ళాడు.

మూడు రోజులు నెల్మీ ఆ అద్దం వైపు చూడకుండానే నేల కడుక్కుని వచ్చింది. నాలుగో రోజు ఆ గదిలో దిగిన మోంతెర్రేయ్ ఊరి ఆవిడ, కుడివైపు తెల్లటి పొర మీద వేలితో గీత గీసి మొగుడికి చూపించింది. "ఈ ఇంట్లో పనిమనిషి లేదా, ఉండీ లేనట్టేనా?" అంది. వరండాలో దుప్పట్లు మడతపెడుతున్న నెల్మీ చెవిన ఆ మాట పడింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. తనను ఎవరు ఏమన్నా పడుతుంది. చేసే పని శుభ్రంగా లేదంటే మాత్రం అన్నం సయించదు.

ఆ మధ్యాహ్నం అద్దం ముందు నిలబడి ఆలోచించింది. మందు రాసింది ఎడమవైపు. కాబట్టి ముట్టుకోవద్దన్నదీ ఎడమవైపే. పరీక్ష దానికి గానీ కుడివైపుకు కాదుగా! కుడివైపు ఎప్పటిలాగే తన పని. ఈ లెక్క ఆవిడకు ఎంత సబబుగా తోచిందంటే, ఇంతకాలం ఎందుకు వదిలేశానా అని బాధపడింది కూడా. పెరట్లోకి వెళ్ళి పుల్లనారింజ కోసి, రెండు చెక్కలు చేసి, ఉప్పులో అద్ది, కుడివైపంతా రుద్దింది. నీళ్ళు కొట్టి, వైపర్‌తో లాగి, పాత హిపిల్ గౌను చింపి దాచుకున్న మెత్తటి గుడ్డతో పొడిగా తుడిచింది. అప్పటినుంచీ రోజూ అదే పని. బస చేసినవాళ్ళు రెండుసార్లు స్నానం చేసిన రోజున రెండుసార్లు. ఎడమవైపు మాత్రం వేలు కూడా తగలనివ్వలేదు.

ఆ ఎడమవైపు ఎవరూ తుడవకుండానే తళతళలాడుతూ ఉంది. నీళ్ళు పూసల్లా జారిపోతున్నాయి. ఆవిడ రోజూ చూసింది. వాల్తెర్ చెప్పింది అక్షరాలా నిజం. దోన్యా కళ్ళతో చూడడమే తరువాయి, పూత కొంటుంది, యాసిడ్ డబ్బాలు బయటికి పోతాయి. ఈ ఉదయం అందుకే చెవులకు పండగ పోగులు పెట్టుకుని వచ్చింది.

పదకొండింటికి వాల్తెర్ వచ్చాడు. దోన్యా ఎల్సీ కళ్ళజోడు తుడుచుకుని మూడో గదిలోకి నడిచింది. నెల్మీ బకెట్ పట్టుకుని గుమ్మంలో ఆగింది.

దోన్యా ఎడమవైపు చూసింది. కుడివైపు చూసింది. వంగి పక్కనుంచి చూసింది.

"ఏదయ్యా తేడా?"

వాల్తెర్ అద్దం ముందు వంగాడు. కుడివైపు వేలు పెట్టి రుద్దాడు. కీచుమని చప్పుడైంది. "ఇది ఎవరైనా ముట్టుకున్నారామ్మా?"

"ఎవరు ముట్టుకుంటారు? ముట్టుకోవద్దని నువ్వేగా ప్రాణం తీశావు!"

అప్పుడు తెలిసింది నెల్మీకి. రెండు సగాలూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఎడమవైపు ఏం చేసిందో తెలియాలంటే కుడివైపు మురికిగా ఉండాలి. అంత చిన్న విషయం పదకొండు రోజులూ తనకెందుకు తట్టలేదు? బకెట్ కింద పెట్టింది.

"అమ్మగారూ, కుడివైపు నేనే... అలా నారింజచెక్క పెట్టి రాశాను."

రోజూ అనలేకపోయింది. రెండేసిసార్లు అసలే అనలేకపోయింది. ఇంత చేశాను అని యజమానురాలి ముందు ఏకరువు పెట్టడం ఆవిడకు అలవాటు లేదు.

"చూశారా! అదీ సంగతి!" అని వాల్తెర్ లేచి నిలబడ్డాడు. "ఇంకో పదిహేను రోజులు చూడండమ్మా, ఈసారి నిజంగా..."

"ఆగవయ్యా." దోన్యా ఎల్సీ నవ్వడం మొదలుపెట్టింది. "పెరట్లో కాయతో మా నెల్మీ అలా రాస్తేనే నీ మందుతో సమానమైందంటే, ఇంక నీ మందెందుకు నాకు? చెట్టు నాది, చెయ్యి నెల్మీది. మిగతా గదులకు సోమవారం సోమవారం యాసిడ్ ఉండనే ఉంది." వచ్చి నెల్మీ భుజం మీద చెయ్యి వేసింది. "నా నెల్మీ ఉండగా ఈ ఇంట్లో ఏ పూతా అక్కర్లేదు, తెలిసిందా?"

అంత మెచ్చుకోలు ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. దానికి ఎదురు చెప్పడం ఎలాగో నెల్మీకి తెలియలేదు. "సరే అమ్మగారూ," అంది.

వీధి తలుపు దగ్గర వాల్తెర్ సంచీ భుజానికెత్తుకుంటూ ఆవిడ చేతుల వైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఎన్నిసార్లు రాశారు దోన్యా? నిజం చెప్పండి, నేను లోపలికెళ్ళి మాట్లాడతాను."

"పోనీలే బాబూ. ఆవిడ అనేసింది, అయిపోయింది."

"మీకోసమే అడుగుతున్నాను."

"తెలుసు," అని తలుపు వేసింది.

ఇంకా నాలుగూ ఐదూ గదులు మిగిలాయి. నాలుగో గదిలో పదకొండు దాకా వచ్చింది. ఐదో గదిలో తొమ్మిది దగ్గరే ఊపిరి తెగింది. గోడకు తల ఆనించి, మిగతా ఇరవై ఒకటీ పెదాలతోనే లెక్కపెట్టింది. అద్దం మాత్రం శుభ్రంగానే వచ్చింది. తర్వాత మూడో గదికి వెళ్ళి, వాల్తెర్ వేలు పెట్టిన చోట ఇంకోసారి నారింజచెక్క రుద్ది, నీళ్ళు కొట్టి ఆరబెట్టింది.

సోమవారం కాబట్టి, ఆ ఊరి అలవాటు ప్రకారం మధ్యాహ్నం నల్లచిక్కుళ్ళూ పందిమాంసమూ. దోన్యా ఎల్సీ స్వయంగా గిన్నె నింపి, పైన ముల్లంగి తరుగు వేసి ఇచ్చింది. "ముక్కలన్నీ మీ అక్కకు దాచిపెట్టకు, నువ్వు తిను," అంది. నెల్మీ రెండు ముద్దలు తిని, మిగతాది డబ్బాలో సర్దింది. పెరటి గదిలో తాళ్ళ ఊయలలో పడుకుని, పాదంతో గోడను నెట్టింది. ఏళ్ళ తరబడి ఆ పాదం తగిలే చోట గోడ మీద అరచేతి మేర నల్లటి మచ్చ పడింది.

మూడున్నరకు దోన్యా ఎల్సీ వంటింట్లోంచి కేకేసింది. "నెల్మీ, ఐదో గదిలో తువ్వాళ్ళు పెట్టావటే?" జవాబు రాలేదు. ఇంకోసారి పిలిచి, విసుక్కుంటూ వచ్చి చూసింది. ఊయల కదలడం లేదు. పాదం గోడకు తగలకుండా కిందికి వేలాడుతోంది.

పోయినవాళ్ళ కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలు ఉమాన్‌లో జరిగాయి. దోన్యా ఎల్సీ రోజూ టాక్సీలో వెళ్ళి, ఆ చిన్న ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకుని జపమాల తిప్పింది. ఏడ్చింది కూడా, దొంగ ఏడుపు కాదు. ఇంట్లో పనికి ఎవరినో తాత్కాలికంగా పెట్టింది. ఆ మనిషి పక్కలు వేసి, నేల తుడిచి వెళ్ళిపోయేది. అద్దాల మాట ఆమె ఎత్తలేదు, దోన్యాకూ తోచలేదు.

తొమ్మిదో రోజు ప్రార్థన ముగిశాక తెయో కాఫీ తెచ్చి ఇచ్చి, పక్కనే కూర్చుంది. "యాసిడ్ మానెయ్యమని డాక్టరు ఆరునెల్లనుంచీ చెబుతున్నాడమ్మా. మీకు చెప్పలేదా?" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అడిగింది.

"లేదు," అంది దోన్యా ఎల్సీ. కాఫీ తాగకుండానే లేచింది.

ఇంటికి రాగానే సంచీ కూడా దించకుండా మూడో నంబరు గదిలోకి వెళ్ళింది. స్నానాల గదిలో దీపం వేసి, కళ్ళజోడు పెట్టుకుంది. అద్దంలో ఎడమ సగం, అవతల గోడమీది పలకలు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది. కుడి సగం పైనుంచి కిందిదాకా తెల్లగా పొరలు కట్టి, అవతల ఏముందో కనబడటం లేదు. తొమ్మిదే రోజులు. నడుమ ఎవరో గీత గీసినట్టు రెండూ విడివిడిగా ఉన్నాయి.

"ఎన్నిసార్లు రాశావే?" అంది దోన్యా ఎల్సీ పైకే. ఆ గదిలో ఎవరూ లేరని తెలిసీ అడిగింది. "నాకు చెప్పొచ్చుగా. ఎన్నిసార్లు రాశావు?"

చేతిసంచీలోంచి రుమాలు తీసి కుడివైపు తుడవబోయింది. తెల్లదనం కొంచెం కూడా కదల్లేదు. గట్టిగా రుద్దింది. చెయ్యి నొప్పి పుట్టి, అక్కడున్న చిన్న కిటికీ గూట్లో ఆనించుకుంది. వేళ్ళకు ఏదో గట్టిగా తగిలింది.

సగం నారింజచెక్క. ఉప్పు పట్టి చెక్కలా ఎండిపోయింది. దాని తొక్క మీద పట్టుకున్న చోట నాలుగు వేళ్ళ నొక్కులు, ఒక బొటనవేలి నొక్కు, లోతుగా అలాగే ఉన్నాయి.