మూడు దినాల చీకటి

చెల్లెలు లూర్దమ్మ తనను "అక్కా" అని పిలిచి ఏడాదిన్నర అయింది. ఆరోగ్యమ్మకు అరవై ఆరేళ్లు. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, ఎడమ కంట్లో శుక్లం కూడా మొదలైంది. అయినా ఏ జబ్బూ ఆ పిలుపు కరువైనంతగా ఆమెను కుంగదీయలేదు.

చెల్లెలి ఇల్లు ఎక్కడో లేదు, రెండు గల్లీల అవతలే. హనుమకొండలో నాలా పక్కనున్న ఆ కాలనీలో ఎవరింట్లో ఏ కూర వండారో వాసన చూసి చెప్పొచ్చు. ఆదివారం పూజకు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే కథోలిక గుడికి వెళ్తారు. శాంతి చెప్పుకునే వేళ అందరూ చేతులు జోడించి పక్కవాళ్ల వైపు తిరుగుతారు కదా, లూర్దమ్మకు సరిగ్గా అప్పుడే తన వాకర్ సర్దుకునే పని పడుతుంది.

అంతటికీ మూలం ఒక నీలిరంగు కరపత్రం. మరియమాత ఉత్సవంలో ఎవరో చేతిలో పెట్టి పోయారు. లోకానికి అంత్యకాలం దగ్గరపడిందనీ, మూడు దినాలు భూమి మీద చీకటి కమ్ముతుందనీ, ఆ చీకట్లో కరెంటు దీపాలు వెలగవనీ, మంత్రించిన తేనెమైనం కొవ్వొత్తులే వెలుగుతాయనీ అందులో ఉంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టుకోవాలట. బయటినుంచి తోబుట్టువు గొంతుతో పిలిచినా తలుపు తీయకూడదట, అది దయ్యాల మాయ అట.

ఆరోగ్యమ్మ తెలివితక్కువదేం కాదు. తొర్రూరు పక్క పల్లెలో, ఫాదర్లు నెలకోసారి మాత్రమే వచ్చే చోట, జనానికి జపాలు నేర్పిన ఉపదేశి రాయప్ప పెద్దకూతురు. కాన్వెంటులో ముప్పై ఏళ్లు కుట్టుపని నేర్పింది. కాకపోతే ధైర్యం చెప్పేవాళ్ల కన్నా భయపెట్టేవాళ్లను తొందరగా నమ్ముతుంది. ఆ రోగం ఆమె ఒక్కదానిదే కాదులెండి.

ఆ కరపత్రం పట్టుకుని, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు బైబిలు తరగతికి వెళ్లింది. ఇన్నయ్య ఫాదర్ గురుపట్టం పుచ్చుకుని నిండా నాలుగేళ్లు కాలేదు. బైబిల్లో చివరిదైన దర్శన గ్రంథం తెరిచి చెబుతున్నాడు.

"ఫాదర్, ఆ మృగం ముద్ర, 666 అంకె, ఆధార్ కార్డేనంటాన్రు, నిజమేనా?" అని అడిగింది.

అందరూ నవ్వారు కానీ ఫాదర్ నవ్వలేదు. "కాదమ్మా. ఆ గ్రంథం రాసిన కాలంలో క్రైస్తవుల్ని చంపించిన రోమా చక్రవర్తి గురించి, వాళ్లకు మాత్రం అర్థమయ్యేటట్టు గుర్తుగా రాసిన్రు. ఇది రేపేం జరుగుతదో చెప్పే పంచాంగం కాదు. హింసలు పడుతున్నవాళ్లకు, ధైర్యంగా ఉండండి, చివరికి గెలిచేది గొఱ్ఱెపిల్లే, అంటే క్రీస్తే అని చెప్పిన ఉత్తరం. ప్రభువు మళ్లీ వస్తడు, అది మన విశ్వాసం. ఎప్పుడనేది ఎవరికీ తెలవదు. లెక్కలు కట్టుడు మన పని కాదు, సిద్ధంగా ఉండుడే మన పని."

"మరి మూడు దినాల చీకటి?"

"అది బైబిల్ల లేదు. ఎవరో చూసిన దర్శనమని చెప్పుకుంటరు. నమ్మాలని తిరుసభ ఎవరినీ అడగలేదు. ఈ గ్రంథంల ప్రభువు తలుపు ముందర నిలబడి తడుతున్నట్టు ఉన్నది చూడున్రి, దాని గురించి ఆలోచించున్రి."

పిల్లగానికి ఏం తెలుసు అనుకుంది ఆరోగ్యమ్మ. ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగ నాడు పది కొవ్వొత్తులు మంత్రింపించుకుని ట్రంకుపెట్టెలో దాచింది. నల్లగుడ్డ తెచ్చి కిటికీల కొలతకు కుట్టింది. అంచులు కూడా మడిచి కుట్టింది, పనిమంతురాలు మరి.

లూర్దమ్మ అది చూసి పకపకా నవ్వింది. "మూడు దినాలు చీకటైతే నా కోళ్లకు దాణా ఎవలేస్తరే అక్కా?" అంది. నవ్వే నోరు ఎప్పుడూ మూతపడని మనిషి ఆమె.

ఆ జూలైలో వాన పట్టుకుంది. ఆగకుండా కురిసి, కురిసి, గురువారం పొద్దున నాలా పొంగింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. పగలు పది గంటలకే ఇంట్లో సందెచీకటి కమ్మింది. ఆరోగ్యమ్మ చార్జింగ్ లైటు నొక్కింది. వెలగలేదు. వారం రోజులుగా చార్జింగు పెట్టని లైటు వెలగదని చిన్నపిల్లలకైనా తెలుసు. ఆమెకు మాత్రం అదే రుజువైంది. నల్లగుడ్డలు కట్టింది, గొళ్లెం పెట్టింది, కొవ్వొత్తి వెలిగించింది. అది వెలిగింది. కొవ్వొత్తి వెలగక ఏం చేస్తుంది!

ఆమె ఇల్లు మూడు మెట్ల ఎత్తు మీద ఉంటుంది. చెల్లెలిది పల్లంలో ఉంటుంది. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చింది, జపమాల పూసల మధ్య ఒక్కసారి మెదిలింది. భయం దాన్ని తోసేసింది.

మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది.

"అక్కా! నేను, లూర్దిని! నీళ్లు ఇంట్లకొచ్చినయే! తలుపు తియ్యి!"

ఆరోగ్యమ్మ కాళ్లు వాటంతట అవే లేచాయి. తలుపు దాకా వెళ్లింది. చెయ్యి గొళ్లెం మీద పెట్టింది. అచ్చం లూర్ది గొంతే. అచ్చం అదే గొంతుతో పిలుస్తాయని కదా కాగితంలో ఉంది! చెయ్యి వెనక్కి తీసుకుంది. మంత్రించిన తీర్థం సీసా తెచ్చి, తలుపు చెక్కల సందులోంచి బయటికి చల్లింది.

"సైతానా, పో! నా చెల్లె గొంతు పెట్టుకోని రాకు, పో!"

వాన చప్పుడులోంచి "అక్కా..." అని ఒకసారి వినిపించింది, ఈసారి మెల్లగా. తర్వాత అదీ లేదు.

మర్నాడు నీళ్లు తగ్గాక తలుపు తట్టింది మెకానిక్ జమాల్. లారీ ట్యూబు వేసుకుని కాలనీలో పన్నెండు మందిని మేడల మీదికి చేర్చిన మనిషి. ఆ గొంతు తోబుట్టువుది కాదు కాబట్టి ఆరోగ్యమ్మ తలుపు తీసింది.

"అమ్మా, ఫికర్ చెయ్యకున్రి, మీ చెల్లె పానంతోనే ఉన్నది. మీ మెట్ల కాడికెల్లి మళ్లి పోంగ మోరీ కాల్వల కాలు పడ్డదట, తుంటి ఇరిగింది. కరెంటు స్తంభం పట్టుకోని ఉంటే తీస్కపోయిన. తలుపు చాన కొట్టిందట గదా, నిద్రపోయిన్రా?"

"అవును బిడ్డా, నిద్రపోయిన" అంది ఆరోగ్యమ్మ.

జమాల్ వెనకాలే దవాఖానకు పరుగెత్తింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. లూర్దమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నవ్వే నోరు మూతపడి ఉంది.

"నిద్రపోయినవంట గదా, జమాల్ చెప్పిండు" అంది, గోడతోనే. "నువ్వు చల్లిన తీర్థం నా మొఖం మీద పడ్డది."

అంతే, తర్వాత మాట లేదు.

ఏడాదిన్నర ఆరోగ్యమ్మ ఆ సంగతి ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో కూడా చెప్పలేదు. భక్తితో చేసింది పాపమెట్లా అవుతుందని తనకు తాను చెప్పుకుంది. మొన్న ఆగమన కాలం మొదటి ఆదివారం, గుడిలో కట్టే క్రిస్మస్ పశువులపాక ముందు వెలిగించడానికి ఇళ్లలో ఉన్న కొవ్వొత్తులు తెమ్మన్నారు. ట్రంకుపెట్టె తెరిచింది. తొమ్మిది కొత్తవి, ఒకటి సగం కాలింది. ఆ సగం కొవ్వొత్తి చేతిలో పట్టుకుని అట్లాగే కూలబడింది. తలుపు ముందర నిలబడి తట్టేవాడి గురించి ఫాదర్ చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. అంత్యదినం కోసం ఏర్పాట్లన్నీ చేసుకుని, వచ్చినవాడిని సైతానన్నాను కదా అని బావురుమంది.

ఇన్నయ్య ఫాదర్ ముందు మోకరించి మొత్తం చెప్పింది, జమాల్‌తో ఆడిన అబద్ధం కూడా. "ఎన్ని జపమాలలు చెప్పాలె ఫాదర్?" అని అడిగింది.

"జపమాలలు మీరు ఎట్లాగూ చెప్తరు. రోజూ పోయి మీ చెల్లె తలుపు తట్టున్రి. క్రిస్మస్ దాకా."

రోజూ సాయంత్రం నాలుగింటికి వెళ్లింది. మూడుసార్లు తట్టి, "లూర్దీ, నేను" అనేది. లోపల వాకర్ చప్పుడు వినపడేది, ఆగిపోయేది. కాసేపు నిలబడి తిరిగి వచ్చేది. నల్లా దగ్గర ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. తిప్పుకోనీ అనుకుంది. ఎనిమిదో రోజుకు మెట్టు మీద కూర్చోవడం అలవాటైంది. ఒక్కసారి అక్కా అంటే చాలు, చచ్చిపోయినా ఫరవాలేదనిపించేది.

పదకొండో రోజున లోపలినుంచి మాట వచ్చింది.

"ఎవలు?"

"నేనే లూర్దీ. అక్కను."

"గొంతయితే మా అక్కదే" అంది లూర్దమ్మ. "కని గా గొంతుతోని దయ్యాలు గూడ పిలుస్తయట గదా."

ఆరోగ్యమ్మ తలుపుకు నుదురు ఆనించింది. "తప్పయింది చెల్లె" అంది. "నిద్ర పోలే. ఇన్న. నీ గొంతని ఎరికయ్యే ఇన్న. భయపడ్డ."

లోపలినుంచి, "నెట్టు" అని వినపడింది. "గొళ్లెం లేదు. ఆ వాన నాటి సంది నేను గొళ్లెం పెడ్తలేను. ఎవలన్న వస్తే తియ్యనీకె నాకు జల్ది నడవరాదు."

ఆరోగ్యమ్మ వేలితో తోస్తే తలుపు తెరుచుకుంది. పదకొండు రోజులూ తెరిచే ఉందన్నమాట. లూర్దమ్మ పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. ఒకే గుడిలో ఉండి కూడా దగ్గరగా చూడక ఆ సంగతి తెలియలేదు. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. రెండు గ్లాసులు పెట్టి ఉన్నాయి.

చెల్లెలు ఒక గ్లాసు నింపి, తల ఎత్తకుండా ఇవతలికి జరిపింది.

"చక్కెర ఎయ్యలే. మీకు షుగరున్నది గదా, ఆరోగ్యమ్మగారూ" అంది. "కూసోన్రి."

ఆరోగ్యమ్మ కూర్చుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. రేపు కూడా నాలుగింటికి రావాలి, ఎల్లుండి కూడా రావాలి అనుకుంటూ, ఆ చప్పటి చాయ్ చల్లారేదాకా తాగుతూనే ఉంది.