రెండు ఫోన్లలో తమ్ముడు

ఫోన్ చేస్తే ఎత్తవేంరా అని నిన్న తమ్ముణ్ణి చెడామడా తిట్టాను. ఇకమీదట మొదటి రింగుకే ఎత్తుతానని వాడు నా మీద ఒట్టేశాడు. తిట్టాక నాకే మనసు పీకింది. కొత్త ఫోన్ కొనిద్దామని ఇవాళ వాడు పనిచేసే చోటుకి ఎదురుగా ఉన్న సెల్ షాపుకెళ్ళాను.

రెండు ఫోన్లు నచ్చాయి. ఏది కొనాలో తేలలేదు. "తేడా అంతా కెమెరాలోనే ఉంది, మీరే చూడండి," అని షాపతను నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఎదురు భవనం తొమ్మిదో అంతస్తులో, తాళ్ళకు వేలాడే చెక్క మీద నిలబడి అద్దాలు తుడుస్తున్నది మా వాడే. మొదటి ఫోన్‌లో వాడి పసుపు చొక్కా, బకెట్టు కనిపించాయి. రెండోది ఇంకా దగ్గరికి లాగింది. రక్షణ తాడుకి తగిలించాల్సిన కొక్కెం వాడి నడుం దగ్గర ఉత్తినే ఊగుతోంది.

ఒళ్ళు మండిపోయింది. "చావాలనుందా ఏంట్రా వెధవా!" అంటూ నా ఫోన్ తీశాను. అప్పుడు చూశాను. వాడు ఎడంచేత్తో తాడు పట్టుకున్నాడు. వాడి ఫోన్ ఉన్నదీ ఎడమ జేబులోనే. నా వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఏది ప్యాక్ చెయ్యమంటారు మేడమ్?"

అప్పటికే నేను మెట్లు దిగుతున్నాను. రోడ్డు దాటి, పైకి చూసి అరవబోయి నోరు నొక్కుకున్నాను. కింద నిలబడి పని చేయిస్తున్న మేస్త్రీ కాలరు పట్టుకున్నాను. చెక్కని మెల్లగా కిందికి దించేదాకా అతన్ని వదల్లేదు.

వాడు దిగి, నా మొహం చూసి తెల్లబోయాడు.

"ఇంత దూరం పరిగెత్తుకొచ్చావేంటక్కా? ఒక్క ఫోన్ కొడితే ఎత్తేవాణ్ణిగా!"