గుక్క బాకీ

వూకాషిన్ డైరెక్టర్‌కి 'స్వచ్ఛందంగా' అనే మాట మీద మహా మోజు. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన మనిషి, నలభై నిండలేదు, తెల్ల బూట్లేసుకుని తిరుగుతాడు. కార్లకు వైర్లు కట్టలు కట్టే మా ఫ్యాక్టరీలో అందర్నీ కలిపి 'మన కుటుంబం' అంటాడు. ఆ రోజు కూడా కాఫీ తెప్పించి, స్టామెంకాను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ మాట నోరారా అన్నాడు.

"జూన్ ఆఖరి శనివారం మన కంపెనీ సేవా దినం అండీ. అన్ని దేశాల్లోనూ అదే రోజు. మనవాళ్లు నదొడ్డున మొక్కలు నాటాలి. నూటికి ఎనభై మందైనా రావాలి. స్వచ్ఛందంగా."

"రాకపోతేనో?"

"ఎందుకు రారు? మీరు ప్రోత్సహిస్తారుగా." కప్పులోకే చూస్తూ చక్కెర కలిపాడు. "మీ కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుకే కదూ? రెండూ ఒకేసారి మాట్లాడేసుకుందాం లెండి."

స్టామెంకాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సిబ్బంది విభాగంలో సెలవు చీటీలు చూసే ఉద్యోగం ఆమెది. ఆరు నెలలకోసారి కాంట్రాక్టు పొడిగిస్తారు. పొడిగించే ముందు వారం ఆమెకు అన్నం సయించదు. ఇంట్లో ముసలి తల్లి, చదువుకునే కూతురు, వీళ్లిద్దరికీ ఆ జీతమే ఆధారం. ఇప్పుడు ఎవరో ఎక్కడో జనం సెలవు రోజును దానం చేస్తానంటే, ఆ దానం అందరి చేతా ఈమె ఇప్పించాలి. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

గోడలకు పోస్టర్లు అంటించింది. రెండు చేతులు, మధ్యలో గుండె బొమ్మ. తెల్లారేసరికి ఎవరో ఆ చేతులకు పెన్నుతో సంకెళ్లు గీశారు.

భోజనాల గదిలో మిలిసావ్ లేచి నిలబడ్డాడు. సరుకు ఎత్తే బండి నడిపే పెద్దాయన, నోటికి తాళం లేదు.

"స్టామెంకమ్మా, నాదొక ధర్మసందేహం. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు సరే, స్వచ్ఛందంగా రానివాళ్లు ఎక్కడ సంతకం పెట్టాలి?"

బల్లలన్నీ నవ్వాయి.

"వస్తే మంచిది బాబాయ్. బలవంతం ఏమీ లేదు."

"మా కుర్రతనంలో పార్టీవాళ్లూ ఇదే అన్నారమ్మా. బలవంతం లేకుండానే మా చేత కొండ తవ్వించి రోడ్డేయించారు. కాకపోతే మధ్యాహ్నం చిక్కుడుగింజల పులుసు పోశారు, ఎవరికి కావలసినంత వాళ్లకి."

"మేమూ శాండ్‌విచ్ ఇస్తాం."

"శాండ్‌విచ్చా! అలా చెప్పవేం మరి! పొద్దున్నే వచ్చి కూచుంటాం!"

ఆ నవ్వుల్లో కలవని మనిషి ఒక్కతే, రాదోయ్‌కా. చిన్నప్పుడు స్టామెంకాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివింది. స్టామెంకా కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది. మా వైపు ఆ వరస రక్తసంబంధం కన్నా గట్టిది. అప్పట్నుంచీ ఇద్దరూ 'వదినా' అంటే 'వదినా' అనుకుంటారు.

"జూన్‌లో మొక్కలేంటి వదినా? బుద్ధున్నవాడెవడైనా జూన్‌లో నాటుతాడా?" అంది రాదోయ్‌కా.

"తేదీ పెట్టింది నేనా వదినా?"

"ఆ శనివారమే నా మలీనాలు కోతకొస్తాయి. నీకు తెలుసు."

తెలుసు. మలీనా, అదే రాస్ప్‌బెర్రీ పండు, వేలు గట్టిగా తగిలితే చాలు చితుకుతుంది. పండిన రోజే కోయాలి, మర్నాటికి ఆగదు, వాన తగిలితే బూజు పడుతుంది. రాదోయ్‌కా మొగుడు నడుం పట్టేసి మంచంలో ఉన్నాడు. ఆ తోటే వాళ్లకు ఏడాది గ్రాసం, దానికున్నది ఆ రెండు చేతులే. వారమంతా ఫ్యాక్టరీలో వైర్లు కట్టే చేతులు కూడా అవే.

నెల సగం గడిచేసరికి పేరిచ్చినవాళ్లు చేతివేళ్లకు సరిపోయేంత మందే. వాళ్లూ ఆఫీసువాళ్లే. డైరెక్టర్ కనిపించినప్పుడల్లా నవ్వుతూ, "ఎంతవరకొచ్చింది?" అనేవాడు. స్టామెంకా అడకత్తెరలో పోకచెక్క అయింది. కార్మికుల దగ్గరికి వెళ్తే కంపెనీ మనిషి, కంపెనీ దగ్గరికి వెళ్తే ఏమీ చేతకాని మనిషి.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా స్టూలెక్కి, అలమర మీది చుతురను దించింది.

చుతుర అంటే బిళ్లలా గుండ్రంగా చెక్కిన చెక్క సీసా, తోలు పట్టీతో భుజాన వేసుకునేది. మా కొండల్లో ఒంటరిగా తెమలని పనికి ఇరుగుపొరుగును పిలుచుకోవడాన్ని మోబా అంటారు. పిలిచేవాడు చుతురలో రేగుపండు సారా నింపుకుని గడపగడపకీ వెళ్తాడు. అందుకుని ఒక్క గుక్క తాగినవాడు మాట ఇచ్చినట్టు. తాగించినవాడు బాకీ పడ్డట్టు. వాళ్లు పిలిచిన రోజున తనూ వెళ్లి ఆ బాకీ తీర్చాలి. చుతురను కాదన్న ఇంటికి పాడె మొయ్యడానికి నలుగురు కూడా రారని మా పెద్దల మాట. స్టామెంకా తండ్రి ఈ చుతురతోనే ఊరంతటినీ తన పొలంలోకి దింపేవాడు, ఊరందరి పొలాల్లోకీ తనూ దిగేవాడు.

"అదెందుకే దించావ్?" అంది తల్లి కోసానా.

"ఫ్యాక్టరీ పనికి."

"ఫ్యాక్టరీకి కాళ్లున్నాయా? రేపు ఎవరింట్లో గడ్డి కొయ్యాలన్నా అది నడిచొస్తుందా? బాకీ పడేది నువ్వే, నీ ఫ్యాక్టరీ కాదు. మీ నాన్న దాన్ని అబద్ధానికి ఎప్పుడూ ఎత్తలేదు."

"మరి కాంట్రాక్టు పోతే ఏం తిందాం? ఆ చెక్క నమిలి తిందామా?"

ముసలావిడ లేచి నేలమాళిగలోకి దిగి, సారా సీసా పట్టుకొచ్చి, చుతురను తనే నింపింది.

సాయంత్రాలు స్టామెంకా గడపలెక్కడం మొదలుపెట్టింది. మిలిసావ్ ఆమెను దూరం నుంచే చూసి, "రావమ్మా, శాండ్‌విచ్ తెచ్చావా?" అని అరిచాడు. దగ్గరికి వచ్చాక భుజాన ఉన్నదేమిటో చూశాడు. టోపీ తీసేశాడు.

"పోస్టరైతే చింపి పొయ్యిలో పెట్టేవాణ్ని," అన్నాడు. "దీన్నేం చెయ్యను?" గుక్క తాగి, మూతి తుడుచుకుని, ఆమె కళ్లలోకి చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

అలా ఒక్కొక్కరే. తిట్టినవాళ్లు లేరు. తిడితే బాగుండేదని ఆమెకు అనిపించింది. ఊళ్లో సగం మంది తాగాక మిగతావాళ్లు పక్కింటివాళ్లను చూసి ఒప్పుకున్నారు. రాదోయ్‌కా ఇల్లు ఒక్కటీ చివరికి మిగిలింది. ఆ ఒక్కదాన్ని వదిలేయొచ్చు, లెక్క ఎలాగూ సరిపోయింది. కానీ జ్ఞానతల్లి వరసను తప్పించి మిగతా అందరి చేతా తాగించిందంటే ఊరు ఊరుకుంటుందా? ఆ మాట వంక పెట్టుకునే వెళ్లింది. లోపల ఉన్నది మాత్రం భయం. ఎనభై అన్నాడు, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిదనుకుంది.

రాదోయ్‌కా తోట చివర బుట్టలు కడుగుతోంది. చుతురను చూసి కుళాయి కట్టేసింది.

"పక్కన పెట్టెయ్ వదినా దాన్ని."

"నేను..."

"నోటితో అడుగు. నోటితోనే కుదరదని చెప్తాను, ఇద్దరం కాఫీ తాగుదాం. దాంతో మాత్రం అడక్కు. నీకు దణ్ణం పెడతా."

స్టామెంకా చుతురను పక్కన పెట్టలేదు. చెయ్యి చాచింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఆమెకు చాలాసేపే దొరికింది. తీసుకోలేదు.

రాదోయ్‌కా తడి చేతులు గౌనుకు తుడుచుకుని, అందుకుని తాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సారా ఘాటుకని ఇద్దరూ అనుకోవచ్చు.

"శనివారం ఎన్నింటికి రమ్మంటారు, మేడం?" అంది.

శనివారం నదొడ్డంతా ఆకుపచ్చ బనీన్లే. నూటికి తొంభై మంది పైనే వచ్చారు. డైరెక్టర్ ఆనందం పట్టలేక అందరి భుజాలూ తట్టాడు. మట్టి ఎండకు రాయిలా బిగుసుకుపోయింది. గునపాలతో పొడిచి గడ్డిపోచల్లాంటి మొక్కలు అందులో నిలబెట్టారు. ఎవరూ జోకులు వేయలేదు. పనివాళ్లు పని చేశారంతే.

మధ్యాహ్నానికి కొండల మీద మబ్బు దిగింది. మొదట చల్లగాలి, ఆ వెనకే కుండపోత. అందరూ గునపాలు వదిలేసి చెట్ల కిందికి పరిగెత్తి, అక్కణ్నుంచి కొండవైపే చూస్తూ నిలబడ్డారు. ఆ కొండ మీద ఏ పళ్లు పండి వేలాడుతున్నాయో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

డైరెక్టర్ ఒక్కడే వానలో నిలబడి చేతులు చాచాడు.

"చూశారా! మన మొక్కలకి దేవుడే నీళ్లు పోస్తున్నాడు! ఆయన కూడా స్వచ్ఛందంగా వచ్చాడు!"

ఎవరూ నవ్వలేదు. స్టామెంకా ఒక్కతే, అతను తనవైపు చూస్తున్నాడని, నవ్వింది. రాదోయ్‌కా తల తిప్పి ఆ నవ్వును చూసింది.

కాంట్రాక్టు పొడిగించారు. మరో ఆరు నెలలు.

మొక్కలు నాటిన మర్నాడే, ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. మిలిసావ్, చేతిలో సారా సీసాతో. "గడ్డి కోతకొచ్చిందమ్మా," అన్నాడు. స్టామెంకా తాగింది. ఆ తర్వాతి ఆదివారం ఇంకొకరు, ఇంటి కప్పు పెంకులు మార్చాలని. ఆపైన కట్టెలు కొట్టడం, బంగాళాదుంపలు తవ్వడం, బావి పూడిక తీయడం. ఆమె చేతులు బొబ్బలెక్కి పగిలాయి. వారమంతా ఆఫీసు, ఆదివారమంతా బాకీ. ఒళ్లు పడిపోతున్నా ఆమెకు అందులో ఏదో తేలిక ఉండేది. ఒక్కో ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఆ ఇంటివాళ్లు పాత గొంతుతో 'వెళ్లొస్తావా స్టామెంకా' అనేవారు. ఒక్కో ముడి విడిపోయేది.

రాదోయ్‌కా ఒక్కతే పిలవలేదు. ఫ్యాక్టరీలో ఎదురుపడితే పక్కకి తప్పుకుని 'నమస్తే మేడం' అనేది, గౌరవంగా. చెడిపోయిన పంట సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ప్రతి శనివారం సాయంత్రం స్టామెంకా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు వైపు చూసేది. ఎవరు వచ్చినా గుండె ఎగిరేది. ఆమె కాదు.

సెప్టెంబరుకు మొక్కలన్నీ ఎండి పుల్లలయ్యాయి. డైరెక్టర్ మళ్లీ కాఫీ తెప్పించాడు.

"మళ్లీ నాటాలండీ. ఈసారి మీ చుతుర ఐడియాతోనే ప్రచారం. హెడ్డాఫీసువాళ్లకి తెగ నచ్చేసింది. ప్రచార విభాగం అమ్మాయి తియానా కెమెరాతో మీ వెంట వస్తుంది, ఇంటింటికీ తిరగడం వీడియో తీద్దాం."

"డైరెక్టర్ గారూ, అది ఊరికే తిప్పేది కాదు. తాగినవాళ్లకి నేను బాకీ పడతాను. ఆ బాకీలు ఇంకా తీరలేదు."

అతని మొహం వెలిగిపోయింది. "అద్భుతం! ఇదే మాట కెమెరా ముందు చెప్పండి!"

"నా వల్ల కాదండీ."

"ఎందుకు కాదు? డిసెంబరులో మీ కాంట్రాక్టు చూసుకోవాలిగా."

మొదట ఏ ఇంటికి వెళ్దామన్నది తియానాయే తేల్చింది. కొండ మీది ఇల్లయితే వెనకాల లోయ బాగా పడుతుందట. కంపెనీ కారు మలుపు తిరిగాక అది ఎవరిల్లో స్టామెంకాకు అర్థమైంది.

రాదోయ్‌కా తోటలో రేగుపళ్ల కోత నడుస్తోంది. మోబా. చెట్టుచెట్టుకీ మనిషి. నిచ్చెన మీద మిలిసావ్, కింద దుప్పటి పట్టుకుని అతని కోడలు, ఊళ్లో సగం మంది అక్కడే. చెట్ల నీడలో పొడుగాటి బల్ల వేసి రొట్టె, జున్ను, మిరపకాయల వేపుడు పెట్టారు. అందరినీ పిలిచింది. స్టామెంకాను చూసి మిలిసావ్ నిచ్చెన మీద అటు తిరిగాడు.

రాదోయ్‌కా గేటు దాకా వచ్చింది. గేటు తియ్యలేదు.

"వదినా," అంది స్టామెంకా, చాలా చిన్నగా. "నన్నెందుకు పిలవలేదు? ఒక్కసారి పిలువు. రోజంతా కోస్తాను. ఏడాదంతా కోస్తాను."

రాదోయ్‌కా, స్టామెంకా వెనకాల కెమెరా పట్టుకున్న పిల్లను చూసింది, భుజాన ఉన్న చుతురను చూసింది.

"పిలిస్తే తీరిపోతుందిగా మేడం," అంది. "ఉండనివ్వండి."

"అక్కా, రెడీనా?" అని అరిచింది తియానా. "వాళ్ల చేతికివ్వండి!"

స్టామెంకా చెయ్యి కదల్లేదు. రాదోయ్‌కాయే గేటు మీద నుంచి వంగి, ఆమె భుజాన్నుంచి పట్టీ తప్పించి, మూత తీసి తాగింది. కెమెరా కోసం చక్కగా నవ్వింది కూడా.

"సూపర్! కానీ ఎండ పడి మొహం సరిగ్గా రాలేదు. ఇంకొక్కసారి తాగుతారా ఆంటీ?"

"దానికేం భాగ్యం," అంది రాదోయ్‌కా. మళ్లీ తాగింది. మూత బిగించి, చుతురను స్టామెంకా చేతుల్లో పెట్టి, ఆ చేతుల మీద తన చెయ్యి ఒక్క క్షణం ఉంచింది.

"గుక్కలు మూడయ్యాయి," అంది, ఆమెకు మాత్రమే వినిపించేలా. తర్వాత కోతలోకి వెళ్లిపోయింది.