మీరు ముందు నడవండి

లోయలో ఉన్న గొర్రెల పాక నుంచి కొండ కొస దాకా పోయే దారి ఎవరిదని అడిగితే, ఆ ఇంటి పెద్దాయన తనదేననేవాడు. వేసవి రాగానే మందని తోలుకుని కొండెక్కడం, చలి పడేదాకా పైన రాతి గుడిసెలో ఉండి మేపుకోవడం, తర్వాత బొద్దుగా తేరిన గొర్రెలతో దిగిరావడం. మీసం మొలిచినప్పటి నుంచీ ఆయన పని అదే. భార్య పోయాక ఇంట్లో కాలు నిలవక ఇంకాస్త ముందుగా ఎక్కడం మొదలుపెట్టాడు తప్ప, ఒక్క ఏడూ మానలేదు.

అలాంటివాడికి మొన్నటి చలికాలం ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నర్సుల్ని మేకపిల్లల్ని అదిలించినట్టు అదిలించి, ఎలాగో బతికి బయటపడ్డాడు. కొడుకు మాత్రం ఈ ఏడు మందని తనే తోలుకెళ్తానని కూర్చున్నాడు. పెద్దాయన వింటేగా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆ కాళ్ళ లెక్క కొడుక్కీ వారసత్వంగా వచ్చింది. వంటింటి బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని వారం పాటు వాదించుకున్నారు. మధ్యలో వడ్డించే కోడలు ఇద్దరి మాటలూ వింటూ ఎవరి వైపూ మాట్లాడేది కాదు.

చివరికొక ఒప్పందం కుదిరింది. మంద కదిలే ముందు పెద్దాయన మంద లేకుండా ఒకసారి కొసదాకా ఎక్కి రావాలి. ఎక్కగలిగితే మంద ఆయనది. మధ్యలో కూలబడితే ఇక ఇంటిపట్టునే ఉండాలి. గొర్రెలు ఈనే రోజులు కాబట్టి కొడుకు పాక వదిలి రాలేడు. సాక్షిగా కోడలు వెళ్ళాలి.

కోడలిది పట్నం. పెళ్ళికి ముందు కళ్ళద్దాల షాపులో పనిచేసేది. ఈ ఇంటికి వచ్చాక పాలు పితకడం, గొర్రెపిల్లలకి సీసాతో పాలు పట్టడం చకచకా నేర్చేసుకుంది కానీ, కొండ వైపు వెళ్ళే తీరిక ఎప్పుడూ దొరకలేదు. పోయిన అత్తగారి బూట్లు అటక మీంచి దింపి, దులిపి వేసుకుంది. ఒక అంగుళం వదులుగా ఉన్నాయని ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రయాణం ఆగిపోతుంది, ఆగితే మళ్ళీ వారం వాదన. అంతకన్నా కాలు నొప్పే నయమనుకుంది.

ఇక్కడ ఆ ఇంటి సంగతొకటి చెప్పాలి. కొండదారి ఇరుకు, గొర్రెలు ఒకదాని వెనక ఒకటి నడవాల్సిందే. మందలో ఏది నెమ్మదో కనిపెట్టి దాన్ని ముందు పెట్టాలన్నది పెద్దాయన తండ్రి నాటి పద్ధతి. వెనక పెడితే ఎక్కడ కూలబడిందో చూసే దిక్కుండదు. ముందు పెడితే మంద మొత్తం దాని నడకే నడుస్తుంది, ఒక్కటీ తప్పిపోదు. మంచి పద్ధతే. కానీ పోను పోను అది మనుషుల్లోకీ పాకి, ఆ ఇంట్లో “ముందు నడు” అంటే “నీ పని అయిపోయింది” అన్నంత తిట్టయి కూర్చుంది. చిన్నప్పుడు కొడుక్కి జ్వరం తగ్గాక తండ్రి వాణ్ణి ముందు నడవమంటే, వాడు దారిలో కూర్చుని గుక్కపెట్టి ఏడ్చాడు. అప్పటి నుంచీ ఆ మాట ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనరు.

తెల్లారగానే ఇద్దరూ బయల్దేరారు. పెరటి గేటు దగ్గర కోడలు గడియ తీసి, పక్కకి ఒదిగి నిలబడింది.

“మీరు ముందు నడవండి, మామయ్యా.”

పెద్దాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది కోడలి మాట కాదు, కొడుకు నేర్పి పంపిన మాట అనుకున్నాడు. పొద్దున్నే మొగుడూ పెళ్ళాం కూడబలుక్కున్నారనీ, ఒప్పందమంతా ఒట్టి నాటకమనీ, తీర్పు ముందే రాసేసుకున్నారనీ తేల్చుకున్నాడు. కర్ర ఎత్తి పట్టుకుని, ఆ వయసులో ఎవరూ నడవకూడనంత వేగంగా నడిచాడు.

వాగు మీది చెక్క దాటి, దేవదారు చెట్ల మధ్య మలుపులు తిరుగుతుంటే ఆయన గుండె డోలు వాయించింది. వాయిస్తే వాయించనీ అనుకున్నాడు. వెనక నుంచి కోడలు కాస్త ఆగుదామా మామయ్యా అంది. తన మీద జాలి పడుతోందని ఇంకో అడుగు జోరు పెంచాడు. చెట్లు అయిపోయి గడ్డి నేల వచ్చాక, కొంచెం నెమ్మదిగా వెళ్దామంది. అదీ తన ఆయాసం చూసే అంటోందనుకున్నాడు. మనిషికి పంతం పడితే చెవులు కూడా తన వైపే మాట్లాడతాయి.

వదులు రాళ్ళు పరుచుకున్న జారుడు దగ్గరికి వచ్చేసరికి మబ్బు దిగింది. వెనక నుంచి మాటలూ ఆగిపోయాయి. నోరు మూయించానని పెద్దాయన సంబరపడ్డాడు. ఊపిరి కూడా విచిత్రంగా సర్దుకుంది. పాత లయ దొరికింది, కాళ్ళు వాటంతటవే రాయి ఎంచుకుని పడుతున్నాయి. చివరి గట్టు ఎక్కి, కొస మీది రాళ్ళ కుప్ప మీద చెయ్యి వేసినప్పుడు ఆయనకి నిజంగానే సంతోషమేసింది. చలికాలమంతా మంచంలో పడుకుని ఆయన కోరుకున్నది ఈ ఒక్క రాయి ముట్టుకోవడమే. కోడలి మొహాన అనాల్సిన మాట దారంతా నూరుకుంటూ వచ్చాడు. అనడానికి వెనక్కి తిరిగాడు.

వెనక ఎవరూ లేరు, మబ్బు తప్ప.

కాసేపు చూశాడు. పిలిచాడు. జవాబు రాలేదు. తను ఆమె గొంతు చివరిసారి ఎక్కడ విన్నాడో గుర్తు తెచ్చుకోబోతే, గుర్తు రాలేదు. అప్పుడు భయమేసింది. ఆస్పత్రిలో కూడా అంత భయం వేయలేదు. ఎక్కిన దారినే పడుతూ లేస్తూ దిగాడు, కుక్కని పిలిచే ఈల వేశాడు, అమ్మాయ్ అమ్మాయ్ అని గొంతు పోయేలా అరిచాడు.

రాళ్ళ జారుడు పక్కన, గొర్రెలు తొక్కిన దొంగదారి ఒకటి ఎడమకి పోతుంది. కొంత దూరం వెళ్ళి అది లోయ అంచున ఆగిపోతుంది. కోడలు ఆ అంచుకి కాస్త ఇవతల ఒక రాయి మీద కూర్చుని ఉంది. ఒక బూటు విప్పి పక్కన పెట్టుకుంది. మడమ తోలు ఊడి మేజోడంతా నెత్తురు.

“దారి కనపడలేదు మామయ్యా. కదలకుండా ఉంటే మీరే వస్తారనుకున్నా.”

ఆయన ఆమె ఎదురుగా కూలబడ్డాడు. మొదట అంచు వైపు చూశాడు, తర్వాత మడమ వైపు చూశాడు. నన్ను ముందు నడవమని ఎందుకన్నావని అడిగాడు.

కోడలికి ప్రశ్నే అర్థం కాలేదు. “మీరు పెద్దవాళ్ళు కదా. పైగా నాకు దారి తెలీదు.”

పెద్దాయనకి తల తీసేసినట్టయింది. మెడ రుమాలు విప్పి ఆమె మడమకి కట్టాడు. కొస చూశారా అని ఆమె అడిగితే తలూపాడు. తను సగంలోనే ఆగిపోయానని ఇంట్లో చెప్పొద్దనీ, చెబితే సాక్షి లేదని ఆయన ఎక్కింది కూడా లెక్కలోకి రాదనీ అంది. దిగేటప్పుడు ఆమె చెయ్యి ఆయన భుజం మీద ఉంది. ఇద్దరిదీ ఒకటే నడక.

ఇంటికి వచ్చేసరికి కొడుకు వంటింటి తొట్టి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నాడు. అప్పుడే ఒక గొర్రె ఈనింది. తండ్రి మొహం చూడకుండా, ఏమైందని పెళ్ళాన్ని అడిగాడు.

“మామయ్య నాకన్నా చురుగ్గా ఎక్కారు. ఆగుదామన్నా ఆగలేదు,” అంది కోడలు. అందులో అబద్ధమేమీ లేదు.

కొడుకు చాలాసేపు చేతులు కడిగాడు. తర్వాత సరే అన్నాడు. మాటంటే మాటే, మంద నాన్నదేనన్నాడు. ఓడిపోయినవాడిలా కాకుండా, కాస్త గర్వంగానే అన్నాడు.

పెద్దాయన కర్ర మూల పెట్టి, బల్ల దగ్గర కూర్చున్నాడు.

“ఎక్కాను. మబ్బులో నీ పెళ్ళాన్ని వదిలేసి ఎక్కాను,” అన్నాడు. “కొసకి చేరేదాకా ఒక్కసారి వెనక్కి చూడలేదు. అంచు దగ్గర కూర్చుని ఉంది. ఇంకొంచెం నడిచుంటే నీకేం చెప్పేవాణ్ణో నాకు తెలీదు.”

వాళ్ళిద్దరూ ఏదో అనబోయారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఊపిరి బాగానే ఉందిరా. కాళ్ళూ బాగున్నాయి. ఎవరు నెమ్మదో కనిపెట్టడం నాకు పోయింది. అది పోయినవాడికి మంద ఇవ్వకూడదు. నువ్వు తోలుకెళ్ళు.”

కొడుకు వారం పాటు ఈ మాట కోసమే కొట్లాడాడు. ఇప్పుడు చేతికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. తడి చేతులతోనే కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చున్నాడు.

“ఈ ఒక్క ఏడాదికే కదా, నాన్నా?”

“కాదు,” అన్నాడు పెద్దాయన.