పిజ్జా వాసన

"అవతలికి జరుగు డార్లా, పిజ్జా వాసనొస్తున్నావ్" అన్నాడు వెండెల్, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. నేనేం అతని పక్కన చేరి సరసాలాడలేదు. అతను విప్పి పడేసిన బూట్లు తీయడానికి వంగానంతే. ఆ వాసన ఒరెగానో నూనెది. పిజ్జా మీద చల్లుకునే ఆకులోంచి తీస్తారు. మేతలో యాంటీబయాటిక్స్ మానేశాక, పేగుల్లో చెడ్డ క్రిములు చేరి మా కోడిపిల్లలు కుప్పలుగా చస్తుంటే నేనే తెప్పించాను. "కోళ్లకి వండకముందే మసాలా పట్టిస్తోంది నా కోడలు" అని అత్తగారు చర్చిలో అందర్నీ నవ్వించారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

మేతని ఆవిరి పట్టి గుళికలు చేసే మిషను మా పెరట్లోనే ఉంది. మొదట్లో నూనెని పిండిలోనే కలిపేదాన్ని. పెరడంతా ఘుమఘుమలాడేది. కోడిపిల్లలు మాత్రం నురగ విరేచనాలతో వాలిపోతూనే ఉండేవి. రోజూ షెడ్డులో గొంతుక్కూచుని రెట్టలు చూసేదాన్ని. "సంసారం చేసుకునే ఆడది చూడాల్సినవేనా అవి?" అనేవారు అత్తగారు. ఒక రోజు మిషను పక్కన నిలబడి హాయిగా ఊపిరి పీలిస్తే తట్టింది. ఆవిరి వేడికి నూనె ఎగిరిపోయి నా ముక్కుకే ఇంత వస్తుంటే కోడి పొట్టలోకి ఏం పోతున్నట్టు? అప్పట్నుంచీ గుళికలు చల్లారాకే నూనె చల్లుతున్నాను. రెట్టలు గట్టిపడ్డాయి, చావులు తగ్గాయి.

ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మాత్రం "వెండెల్ ఇలా చేస్తాడండీ" అనేదాన్ని. నా మాట మీద ఎవరూ మేత మార్చరు, పైగా ఇంట్లో గొడవెందుకు? అలా అనగా అనగా వెండెల్ కూడా నమ్మేశాడు పాపం.

నిన్న చర్చి హాల్లో కోళ్ల పెంపకందార్ల విందు. మగవాళ్లు బల్లల దగ్గర, మేం వంటగదిలో. వెండెల్ లేచి "నా పద్ధతి" అంటూ మొదలెట్టాడు.

"వచ్చే వారం మేమంతా మొదలెడుతున్నాం" అన్నాడు పక్క ఫారం యజమాని గ్రోవర్. "నూనె ఆవిరికి ముందా, తర్వాతా?"

"ముందే. పిండిలోనే కలిపెయ్యి."

ఇంతమంది షెడ్లలో ఎన్ని పిల్లలు చస్తాయో! గరిటె చేతిలో ఉండగానే గుమ్మంలోకొచ్చి "కాదు" అనేశాను. అందరూ ఇటు తిరిగారు.

వెండెల్ నవ్వేశాడు. "సరే, మా ఆవిడకి బాగా గుర్తుంటుంది. చెప్పు డార్లా, ఆ నూనె నేనెప్పుడు కలుపుతాను?"

'చల్లారాక కలుపుతావుగా' అని అలవాటుగా నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటంటే కోళ్లూ బతుకుతాయి, మొగుడి పరువూ నిలుస్తుంది. ఎందుకో ఒళ్లు మండింది.

"నువ్వెప్పుడూ కలపలేదు వెండెల్" అన్నాను. "నేను కలుపుతాను. మేత చల్లారాక."

గ్రోవర్ తన కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. "చల్లారిందని ఎలా తెలుస్తుందమ్మా?"

వెనకనుంచి మాడు వాసన తగిలింది. "డార్లా, ఓవెన్‌లో రొట్టెలు!" అత్తగారు కేకేశారు.

"వెండెల్‌ని చూడమనండి" అని, గ్రోవర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.