చుక్కలు పెట్టిన చెల్లెలు

పత్రికాఫీసులో నన్ను ఫుల్‌స్టాపమ్మ అంటారు. నా చాటునే అంటారు గానీ నాకూ చెవులున్నాయి. అచ్చుకు వెళ్ళే ప్రతి పేజీ నా ఎర్ర పెన్ను దాటి పోవాల్సిందే. ఆశ్చర్యార్థకం కనబడితే నా ఒళ్ళు మండుతుంది. చెప్పే మాటలో బలం లేనివాడే చివర్లో ఆ కర్ర పాతుతాడని నా నమ్మకం. విలేఖరులు "ఒక్కటైనా ఉంచండి మేడమ్" అని బతిమాలుతారు. నేను కొట్టేస్తాను.

నా చెల్లెలు, మేం పిచ్చుక అని పిలుస్తాం, నాకు పూర్తిగా వ్యతిరేకం. నోటి మాటలాగే దాని మెసేజీ కూడా ఎక్కడా ఆగదు. "అక్కా తిన్నావా నేను తిన్నా ఇక్కడ ఒకటే వాన బట్టలన్నీ తడిశాయి నీ మోకాలు ఎలా ఉంది". నా మోకాలి సంగతి అడగందే దానికి మెసేజీ పూర్తికాదు. దాని పెళ్ళికి ముందు ఒకసారి కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"పూర్వం తాటాకుల మీద మాటకీ మాటకీ మధ్య ఎడం కూడా ఉండేది కాదే. పద్యం అయిపోతే ఒక నిలువు గీత, అంతే. ఈ చుక్క అచ్చు యంత్రంతో వచ్చింది. చదివేవాడికి ఊపిరి పీల్చుకునే చోటిచ్చింది."

"అదంతా పుస్తకాల్లో అక్కా. ఫోన్లో చుక్క పెడితే కోపమొచ్చి తలుపేసుకున్నట్టుంటుంది. నీ మెసేజీ వచ్చినప్పుడల్లా నేనేం తప్పు చేశానా అని హడలి చస్తా."

"చాల్లే, నోర్ముయ్" అన్నాను. పకపకా నవ్వింది.

పెళ్ళయ్యాక వేరే ఊరు వెళ్ళింది. మరిది మితభాషి, చొక్కా పైగుండీ కూడా పెట్టుకునే మనిషి. పద్ధతైనవాడని నాకు నచ్చాడు. రానురాను పిచ్చుక ఫోన్లు తగ్గాయి. గొంతు బాగాలేదంటూ మెసేజీలే పెట్టేది. ఒకరోజు ఇలా వచ్చింది: "బాగున్నాను. పనిలో ఉన్నాను. తర్వాత మాట్లాడతాను."

నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఇన్నేళ్ళ నా పోరు ఫలించిందని ఆఫీసంతా తిరిగి చూపించాను. అప్పటికప్పుడు జవాబు రాశాను: "శభాష్. పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క పెట్టలేదు నువ్వు. ఇన్నాళ్ళకు నేర్చుకున్నావు."

పక్క బల్ల దగ్గర టైపు చేసే అమ్మాయి మాత్రం మొహం అదోలా పెట్టింది. "మేడమ్, మీ చెల్లెలికి మీ మీద కోపమా?" అంది.

పిచ్చుకకు కోపమొస్తే ఊరంతా వినబడుతుంది. ఇలా ముక్తసరిగా మాట్లాడడం దానికి చేతకాదు. మళ్ళీ చదివాను. అందులో నా మోకాలు లేదు. ఇది రాసింది పిచ్చుక కాదని అప్పుడు తట్టింది. అంతలో ఇంకో మెసేజీ వచ్చింది.

"అవునక్కా ఏదో తొందరలో పెట్టేశా ఇక పెట్టను నువ్వేం కంగారుపడకు".

ఒక్క చుక్క లేదు. అచ్చం పిచ్చుకే. దాన్ని గుర్తుపట్టడానికి నాకున్న ఒకే ఒక్క ఆనవాలును తీసుకెళ్ళి ఆ రాసేవాడి చేతిలో పెట్టాను. కొరివితో తల గోక్కున్నాను. నా పాండిత్యం తగలెయ్య.

ఫోన్ చేస్తే కట్ చేశారు. "ఊళ్ళో లేం అక్కా కొండల వైపు వచ్చాం ఇక్కడ సిగ్నల్ లేదు" అని వచ్చింది. పేజీలు ఆ అమ్మాయికి అప్పజెప్పి బస్సెక్కాను.

వాళ్ళ గుమ్మం బయట మరిది బూట్లు వరసగా ఉన్నాయి. పక్కన పిచ్చుక చెప్పుల మీద దుమ్ము మందంగా పేరుకుంది. గంట నొక్కాను. ఎవరూ పలకలేదు. దాని నంబరు కొట్టాను. తలుపుకు అవతలే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఫోను మోగి ఆగిపోయింది. తలుపుకున్న చిన్న అద్దంలో నీడ కదిలింది. వెంటనే నా చేతిలో మెసేజీ వెలిగింది.

"అక్కా నేను బాగున్నా నువ్వు ఇంటికి వెళ్ళిపో".

వస్తున్నట్టు నేనెవరికీ చెప్పలేదు.

"పిచ్చుకా!" అని అరిచాను. రెండు చేతులతో తలుపు బాదాను. "ఒరేయ్, తలుపు తియ్‌రా! ఎవరైనా రండి! నా చెల్లెలు లోపలుంది!"

బతుకంతా నేను కొట్టేసిన కర్రలన్నీ నా గొంతులోంచే వచ్చాయి. మెట్ల మీద ఒక్కో ఇంటి తలుపూ తెరుచుకుంది. ఎవరో పరుగున పైకి వస్తున్నారు. అప్పుడు వినబడింది, లోపల ఎక్కడో వెనకగదిలోంచి, గోడ మీద ఎవరో కొడుతున్న చప్పుడు. సన్నగా, గబగబా, ఎక్కడా ఆగకుండా.